పదడుగుల కారు, దాని చిల్లర చిక్కులు

యంత్రాల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా రెండు సంగతులు చెబుతారు: దానిని ఎవరు కనిపెట్టారు, దానివల్ల లోకానికి ఏమి మేలు కలిగినది. ఆ యంత్రాన్ని ఇంటికి తెచ్చుకొన్న మనిషి ప్రతి ఉదయం దానితో ఎంత అవస్థ పడ్డాడో చెప్పేవారు తక్కువ. కాని ఒక యంత్రం ఏ సూత్రంమీద నిర్మింపబడినదో గ్రహించడానికి ఆ చిల్లర అవస్థలే చక్కని దారి. యంత్రం సజావుగా నడుస్తున్నంతసేపు దాని లోపల ఏమున్నదో మనం ఆలోచించము. ఆగిపోయిననాడే మూత ఎత్తి చూస్తాము.

ఇందుకు ‘మినీ’ అనే బ్రిటిష్ కారు మంచి ఉదాహరణ. అది 1959 నుండి 2000 వరకు, అంటే 41 సంవత్సరాలు, తయారైనది. మొత్తం 53 లక్షలకు పైగా కార్లు అమ్ముడైనవి. గుమాస్తాలు కొన్నారు, రాజబంధువులు కొన్నారు, బీటిల్స్ గాయకులు నలుగురూ తలా ఒకటి పెట్టుకొన్నారు. అయినా ఆ కారు యజమానిని అడిగితే ముందు దాని మీద ఫిర్యాదులే చెప్పేవాడు. వానలో ఆగిపోతుందనేవాడు, కాళ్ళక్రింద నీళ్ళు నిలుస్తాయనేవాడు, కిటికీ గాడిలో పాచి పడుతుందనేవాడు. అంతా చెప్పి, మరొక మినీయే కొనేవాడు. ఈ చిక్కులలో కొన్ని కారు చిన్నది కావడంవల్ల తప్పనిసరిగా వచ్చినవి. మరికొన్ని తొందరపాటువల్ల వచ్చినవి. రెండింటిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

1956 జూలైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. ఆ సంవత్సరాంతాన జరిగిన యుద్ధంలో కాలువ మూతపడినది. పశ్చిమాసియా చమురు ఐరోపాకు చేరడం కష్టమైనది. బ్రిటనులో 1956 డిసెంబరు నుండి 1957 మే వరకు పెట్రోలుకు రేషను పెట్టారు. పెద్ద కార్లు కొనేవారు తగ్గి, జర్మనీనుండి వచ్చిన ‘బుడగ కార్లు’ వీధులలో కనిపించసాగినవి. మోటారు సైకిలు ఇంజనుతో, మూడు నాలుగు చిన్న చక్రాలతో, గాజు బుడగలో ఇద్దరిని కూర్చోబెట్టి నడిచే ఆ బండ్లను చూస్తే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డ్‌కు ఒళ్ళు మండేది. వాటిని వీధులలోనుండి తరిమివేయగల చిన్నదైన, కాని నిజమైన కారు కావాలని ఆయన తన ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్‌ను కోరాడు. షరతు ఒక్కటే: ఇంజను మాత్రం కంపెనీలో అప్పటికే తయారవుతున్నదై ఉండాలి.

ఇసిగోనిస్ 1906లో స్మిర్నాలో జన్మించాడు. నేటి తుర్కీలోని ఇజ్మీర్ నగరమే అది. 1948లో వెలువడిన మోరిస్ మైనరు కారు ఆయన సృష్టియే. కారు అంటే మనుషులు కూర్చొనే గది, తక్కినదంతా దానిని మోసే సామగ్రి అని ఆయన దృష్టి. నలుగురు పెద్దవాళ్ళు కూర్చోవాలి, వారి పెట్టెలు పట్టాలి, కారు పొడవు పది అడుగులకు మించరాదు. మీటర్లలో చెబితే ఇది 3.05. ఈ పది అడుగులలో నేలవైశాల్యం నూటికి ఎనబై పాళ్ళు మనుషులకు, సామానుకు దక్కాలి. మిగిలిన ఇరవై పాళ్ళలో ఇంజను, గేర్లు, రేడియేటరు, చక్రాలను త్రిప్పే ఇరుసులు అన్నీ ఇమడాలి. ఆ తరువాతి చిక్కులలో చాలావాటికి బీజం ఈ లెక్కలోనే ఉన్నది.

అంతవరకు చాలా కార్లలో ఇంజను పొడవుగా ముందునుండి వెనుకకు ఉండేది. దాని వెనుక గేరుపెట్టె, దానినుండి వెనుక చక్రాలకు పొడవైన కడ్డీ. ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా త్రిప్పి పెట్టాడు. దాని ప్రక్కన గేరుపెట్టెకు చోటు లేదు. కాబట్టి గేర్లను ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిలోనే అమర్చాడు. శక్తిని ముందు చక్రాలకే ఇచ్చాడు. వెనుకకు పోయే కడ్డీతో పని లేకపోయినది. రేడియేటరుకు ముందు చోటు చాలలేదు. దానిని ఎడమ ప్రక్కకు, చక్రం పైనున్న గూటిలోనికి గాలి పోయేటట్లు, నిలబెట్టాడు. అంగుళం అంగుళం ఇలా మిగిల్చిన కారు 1959 ఆగస్టు 26న ఆస్టిన్ సెవెన్ అని, మోరిస్ మినీ-మైనర్ అని రెండు పేర్లతో వెలువడినది. 848 ఘన సెంటీమీటర్ల ఇంజను, 34 అశ్వశక్తి; పన్నుతో కలిపి వెల అయిదువందల పౌండ్లకు కొంచెం తక్కువ.

ఇక వానలో ఆగిపోవడం సంగతి చూద్దాం. మినీ చిక్కులన్నింటిలో ఇదే పేరుమోసినది.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేందుకు పది వేల వోల్టులకు మించిన విద్యుత్పీడనం కావాలి. కాయిల్‌లో పుట్టిన ఈ విద్యుత్తును నాలుగు సిలిండర్లకు వరుస తప్పకుండా పంచేది డిస్ట్రిబ్యూటరు. దాని మూతమీద ఒక తీగ కాయిల్ నుండి వస్తుంది, నాలుగు తీగలు స్పార్కు ప్లగ్గులకు పోతాయి. ఆ మూతమీద దుమ్ము, నూనె ఉండి, దానిపై నీరు పడితే, ఆ పలుచని తడిపొర విద్యుత్తుకు దారి ఇస్తుంది. రవ్వ ప్లగ్గుకు చేరకుండా ఇంజను ఒంటిమీదికి జారిపోతుంది. ఇంజను దగ్గుతుంది, కుంటుతుంది, ఆగిపోతుంది.

మామూలు కార్లలో ఈ బాధ తక్కువ. వాటిలో రేడియేటరు ముఖద్వారంలో గోడవలె నిలబడి వానజల్లును ఆపుతుంది. మినీలో ఆ గోడ ప్రక్కకు పోయినది కదా! ముందు జాలీలోనుండి వచ్చే జల్లు నేరుగా డిస్ట్రిబ్యూటరును తడిపేది. ఎదుటి లారీ చిమ్మిన నీరు చాలు, కారు నడిరోడ్డున నిలిచిపోవడానికి.

మొదటి నమూనాలలో ఇలా లేదు. 1957లో నడిచిన నమూనా కార్లను నారింజరంగు వేసి ఉండడంవల్ల ‘ఆరెంజి బాక్సు’ అని పిలుచుకొనేవారు. వాటిలో ఇంజను ముఖం ఇంకొకవైపు ఉండేది: కార్బురేటరు ముందు, డిస్ట్రిబ్యూటరు వెనుక. పరీక్షలలో మరొక కష్టం బయటపడినది. కూజాలో నీరు ఎందుకు చల్లబడుతుందో మనకు తెలుసు: పైకి ఊరిన నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని కూజానుండే తీసుకొంటుంది. కార్బురేటరులో పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు జరిగేది అదే. చలిదేశపు తేమగాలి ఎదురుగా కొట్టేసరికి, బయట నీరు గడ్డకట్టేంత చలి లేకపోయినా, కార్బురేటరు గొంతులో మంచు పట్టేది. దీనిని తప్పించడానికి ఇంజనును పూర్తిగా వెనుకకు త్రిప్పి కార్బురేటరును వెచ్చని వెనుకభాగానికి పంపారు. గేర్ల అరుగుదలకు సంబంధించిన మరొక కారణం కూడ చెబుతారు. ఏమైనా కార్బురేటరు వెనుకకు పోగా డిస్ట్రిబ్యూటరు ముందుకు వచ్చినది. ఒక చిక్కును పోగొట్టిన సవరణే రెండవ చిక్కును తెచ్చినది. చోటు చాలా ఉన్న కారులో అయితే రెండింటికీ ఏదో మూల దొరికేది. పదడుగుల కారులో ఆ మూలలు ముందే ఖర్చయిపోయినవి.

యజమానులు దీనికి కనిపెట్టిన చికిత్స నాకు చాలా ముచ్చటగా తోస్తుంది. గిన్నెలు తోమేటప్పుడు ఇంగ్లండు ఇల్లాళ్ళు వేసుకొనే రబ్బరు చేతితొడుగు ఒకటి తీసుకొని, వేళ్ళ కొనలు కత్తిరించి, డిస్ట్రిబ్యూటరు మూతకు తొడిగేవారు. ఒక్కొక్క వేలిలోనుండి ఒక్కొక్క తీగ. ప్లగ్గులకు నాలుగు, కాయిల్‌కు ఒకటి, మొత్తం అయిదు. చేతికి అయిదు వేళ్ళుండడం ఇక్కడ ఇలా ఉపకరించినది. కొద్ది పెన్నీల రబ్బరు ముక్కతో లక్షల పౌండ్ల పరిశోధనాగారం వదిలివేసిన పని పూర్తి అయినది. కంపెనీ కూడ తరువాత జాలీ వెనుక అడ్డురేకులు, మూతలు పెట్టినది. అయినా తొడుగు వాడకం పోలేదు.

కాళ్ళక్రింది నీటి కథ వేరు. దీనిని అంత సులభంగా క్షమించలేము.

మన పెంకుటిళ్ళ కప్పు కట్టేవాడు క్రింది వరుస పెంకులపైకి పై వరుస అంచు వచ్చేటట్లు పరుస్తాడు. వరుస తారుమారైతే ప్రతి సందూ వాననీటిని ఇంటిలోనికి పట్టి పోస్తుంది. కారు నేలలోను ఇలాంటి అతుకులే ఉంటాయి. చక్రాలు చిమ్మే నీరు ముందునుండి వెనుకకు వడిగా పోతుంది గనుక, రేకు అంచు ఆ ప్రవాహానికి వీపు పెట్టాలి. తొలి మినీలలో నేలరేకు, దాని ముందున్న వాలురేకు కలిసేచోట అంచు ప్రవాహానికి నోరు తెరచి ఉన్నది. తడిరోడ్డుమీద వేగంగా పోతే నీరు ఆ నోటినుండి లోపలికి ఎక్కేది. తివాసీలు నానిపోయేవి, ముందు కూర్చొన్నవారి బూట్లు తడిసేవి. ప్రతి మినీతోను ఒక జత రబ్బరు బూట్లు ఉచితంగా ఇవ్వాలని జనం పరిహాసమాడారు.

పరీక్షలలో ఇది కనబడలేదా అని పాఠకులు అడగవచ్చు. 1958 జూలైలో లార్డ్ నమూనాకారు ఎక్కి చూచి, పన్నెండు నెలలలో తయారీ మొదలుకావాలని ఆజ్ఞాపించాడు. సరికొత్త పద్ధతిలో కట్టిన కారుకు అది చాలా తక్కువ వ్యవధి. పైగా 1959 వేసవి బ్రిటనులో చాలా పొడిగా గడిచినది. వానలు కురిసేనాటికి కార్లు కొనుగోలుదారుల చేతిలో ఉన్నవి. అంటే పరీక్షించవలసిన పనిలో కొంత కొన్నవారిమీద పడినదన్నమాట, అదీ వారి డబ్బుతో. అతుకులు సరిచేసి, సందులు పూడ్చి, కంపెనీ ఈ లోపాన్ని తొలగించినది గాని, ఆ మొదటి చలికాలపు అపఖ్యాతి చాలాకాలం వెంటాడినది. చిన్న కారు కాబట్టి నీళ్ళు రాలేదు. పదడుగుల కారును పొడిగా ఉంచడానికి అడ్డువచ్చే భౌతికసూత్రం ఏదీ లేదు. నీరు చేరిన గూళ్ళలో త్రుప్పు పట్టి, ముఖ్యంగా వెనుక చక్రాలను మోసే చట్రం తినివేయబడడం కూడ ఈ కోవలోనిదే. ప్రేమ ఎంత ఉన్నా, త్రుప్పుకు మాత్రం ప్రేమ మందు కాదు.

చక్రాల సంగతికి వస్తే మళ్ళీ భౌతికశాస్త్రం ఎదురవుతుంది. అంతకు ముందటి మోరిస్ మైనరు చక్రాలు 14 అంగుళాలవి. ఇసిగోనిస్ 10 అంగుళాలు కావాలన్నాడు. డన్‌లప్ కంపెనీ అంత చిన్న టైర్లు ప్రత్యేకంగా చేసి ఇచ్చినది. చక్రపుగూళ్ళు చిన్నవై లోపల చోటు పెరిగినది. టైరుతో కలిపి ఈ చక్రం వ్యాసం సుమారు 20 అంగుళాలు. చుట్టుకొలత 63 అంగుళాలు గనుక, ఒక మైలుకు దాదాపు వెయ్యిసార్లు తిరగాలి. ఎక్కువ తిరిగిన చక్రం ఎక్కువ అరుగుతుంది. అంతేకాదు, గోతిలో పడితే ఎక్కువ లోతు పడుతుంది. రోడ్డులో ఎనిమిది అంగుళాల వెడల్పు చీలిక ఉన్నదనుకొందాం. మన ఎద్దుబండి చక్రం వ్యాసం అయిదు అడుగులైతే, ఆ చీలికలో అది పావు అంగుళం మాత్రమే దిగుతుంది. మినీ చక్రం ముప్పాతిక అంగుళాన్ని మించి దిగుతుంది. మన వడ్రంగులు బండిచక్రాన్ని అంత పెద్దదిగా చేయడం ఊరికే కాదు.

ఆ కుదుపును పీల్చుకొనేందుకు ఉక్కు స్ప్రింగులకు కూడ చోటు లేదు. కారు బరువు ఆరువందల కిలోలు; నలుగురు మనుషులు, పెట్టెలు ఎక్కితే మరి సగం బరువు పెరుగుతుంది. ఒక్కడు ఉన్నప్పుడు మెత్తగాను, నలుగురు ఉన్నప్పుడు గట్టిగాను ఉండే స్ప్రింగు కావాలి. అలెక్స్ మౌల్టన్ అనే ఇంజనీరు గరాటు ఆకారపు రబ్బరు ముద్దలతో దీనిని సాధించాడు. నొక్కినకొద్దీ రబ్బరు ఇంకా గట్టిపడుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. కాని నిరంతర భారంక్రింద మెల్లమెల్లగా అణగిపోవడం రబ్బరు స్వభావం; ఏళ్ళు గడిచినకొద్దీ కారు నేలకు క్రుంగేది, ప్రతి రాయి నడుముకు తెలిసేది. 1964లో రబ్బరుతోపాటు ద్రవాన్ని వాడే మరొక పద్ధతి తెచ్చారు. అది ఖర్చుతో కూడినది. 1970 ప్రాంతాన మళ్ళీ రబ్బరు ముద్దలకే వచ్చారు. అయితే ఈ గట్టి రబ్బరు, కారు నాలుగు మూలలలో ఉన్న చిన్న చక్రాలు కలిసి మలుపులలో కారును నేలకు అతికించినట్లు నడిపించినవి. మాంటి కార్లో పందెంలో మినీ 1964, 1965, 1967లలో నెగ్గినదంటే అందుకు కారణం యజమాని నడుమునొప్పికి కారణమైనదే.

తలుపుల విషయంలో ఇసిగోనిస్ చేసిన లెక్క ఇంకా సరళం. అద్దాన్ని క్రిందికి దింపే యంత్రం ఉంటే తలుపు మందం పెరుగుతుంది. అందుచేత అద్దాలను ప్రక్కకు జరిగేటట్లు గాడిలో పెట్టాడు. తలుపు పలుచనైనది, దాని బోలులో సంచులు, సీసాలు పెట్టుకొనే పెద్ద అర వచ్చినది, మోచేతికి చోటు కలిగినది. తలుపు తెరవడానికి పిడికి బదులు ఒక త్రాడు. కాలక్రమాన ఆ త్రాడు వదులయ్యేది. కిటికీ సగమే తెరుచుకొనేది. అద్దం జరిగే గాడిలోని ఉన్నిగుడ్డలో నీరు నిలిచి, దుమ్ము చేరి, పచ్చగా పాచి మొలిచేది. కొందరి కార్లలో అద్దం దానికే అంటుకొని కదలనని మొరాయించేది. 1969లో చేతితో త్రిప్పి దింపే అద్దాలు వచ్చినవి. పాచి పోయినది, దానితోపాటు ఆ విశాలమైన అర కూడ పోయినది. దానికోసం విచారించినవారు తక్కువమంది కారు.

ఇంజనుకు, గేర్లకు ఒకే నూనె కావడంవల్ల వచ్చిన బాధలను క్లుప్తంగా చెప్పవచ్చు. గేరుపళ్ళ మధ్య నలిగే నూనె త్వరగా బలం కోల్పోతుంది, అందుచేత దానిని మార్చడంలో అశ్రద్ధ చేయరాదు. గేర్లు బాగుచేయాలంటే ఇంజను మొత్తం పైకి ఎత్తవలసిందే. శక్తిని ఇంజనునుండి గేర్లకు దించే పళ్ళచక్రాలు సన్నగా ఊళ వేసేవి. మినీ వస్తున్నదని వీధి మలుపుకు ముందే తెలిసేది. 1968 వరకు మొదటి గేరులో పళ్ళ వేగాలను సరిచేసే ఏర్పాటు లేదు. బండి పూర్తిగా ఆగకముందే ఆ గేరు వేయబోయినవాడికి గరగర శబ్దమే సమాధానం. ముందు చక్రాల ఇరుసులలో ఉక్కుగుండ్లతో చేసిన కీళ్ళు ఉండేవి. చక్రం ఎటు తిరిగినా ఒకే వేగంతో శక్తిని అందించడం వాటి పని. వాటిపైనున్న రబ్బరు తొడుగు చిరిగి ఇసుక చేరితే, మలుపు తిరిగేటప్పుడల్లా టక్ టక్ మనేవి.

ఈ చిక్కులలో ఒక దానిని యజమానికి బదులు కంపెనీయే అనుభవించినది. పోటీ కంపెనీ అయిన ఫోర్డు ఒక మినీని కొని, మరమరకూ విడదీసి, ఖర్చు లెక్కకట్టి, అమ్మిన ప్రతి కారుమీద బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌కు సుమారు 30 పౌండ్లు నష్టం వస్తున్నదని తేల్చినది. ఆ లెక్కను కంపెనీ అంగీకరించలేదు. లాభం స్వల్పమేనన్న మాటను మాత్రం ఎవరూ కాదనలేదు. ఇంత తెలివైన కారును ఇంత తక్కువ ధరకు ఇచ్చిన సంస్థ దగ్గర, దాని లోపాలను సావకాశంగా సరిదిద్దేందుకు డబ్బు మిగలలేదు. జాలీలోనుండి వచ్చే జల్లుకు శాశ్వతమైన అడ్డు అంతకాలం ఎందుకు లేకపోయినదో దీనినిబట్టి కొంత ఊహించవచ్చు.

ఇసిగోనిస్ తానుగా ఈ ఫిర్యాదులను పెద్దగా పట్టించుకొనలేదు. నడిపేవాడు మరీ సుఖంగా కూర్చుంటే ఏమరుపాటు పొందుతాడని ఆయన వాదం. అందుకే ఆసనం నిటారుగా ఉండేది. రేడియో అనవసరమనుకొన్నాడు గాని, తాను సిగరెట్టుప్రియుడు కాబట్టి బూడిద పళ్ళెం మాత్రం పెట్టాడని చెబుతారు. మేధావుల మొండితనానికి లోకం ఇచ్చే మన్నన ఆయనకు కూడ దక్కినది: 1969లో సర్ బిరుదు ఇచ్చారు. 1988లో మరణించాడు.

అయితే ఇంజనును అడ్డంగా పెట్టి ముందు చక్రాలను త్రిప్పాలన్న ఆయన ఆలోచన మాత్రం లోకమంతా ప్రాకినది. ఇటలీలో దాంతె జియకోజా ఆ ఆలోచననే తీసుకొని, గేరుపెట్టెను నూనెతొట్టిలోనుండి బయటకు తీసి, ఇంజను చివర ప్రక్కగా అమర్చాడు. 1964లో ఆటోబియాంకి ప్రిములా, 1969లో ఫియట్ 128 ఈ పద్ధతిలో వచ్చినవి. ఇంజనుకు వేరే నూనె, గేర్లకు వేరే నూనె. ఊళ కూడ తగ్గినది. చిన్న కార్లలో అత్యధికభాగం ఇప్పుడు ఈ సవరించిన మార్గంలోనే తయారవుతున్నవి. 1983 డిసెంబరులో మొదటిసారి మన రోడ్లమీదికి వచ్చి 2014 వరకు తయారైన మారుతి 800 కూడ అడ్డంగా పెట్టిన మూడు సిలిండర్ల ఇంజనుతో, ముందు చక్రాల చాలనంతో, 12 అంగుళాల చక్రాలతో ఈ వంశానికి చెందినదే. గుంతలరోడ్డు మీద ఆ కారులో వెనుకసీటున కూర్చొన్న పాఠకులకు చిన్న చక్రం లెక్క మళ్ళీ చెప్పనక్కరలేదు.

మినీ మాత్రం తన పాత కట్టడిలోనే ఉండిపోయినది. ముప్పై ఏడు సంవత్సరాల తరువాత, 1996లో, శబ్దాన్ని తగ్గించాలన్న కొత్త నిబంధనలకు లోబడి దాని రేడియేటరును ప్రక్కనుండి తీసి ముందుకు తెచ్చారు. అదే మార్పులో డిస్ట్రిబ్యూటరును పూర్తిగా తొలగించి, రవ్వను పంచే పనిని ఎలక్ట్రానిక్ ఏర్పాటుకు అప్పగించారు. రబ్బరు చేతితొడుగు తొడగవలసిన భాగమే ఇక కారులో లేదు. ఆ తరువాత నాలుగేళ్ళకు, 2000 అక్టోబరు 4న, బర్మింగ్‌హామ్ సమీపాన లాంగ్‌బ్రిడ్జి కర్మాగారంనుండి చివరి మినీ బయటకు వచ్చినది.